హోసే సారియా ఎవరు? ఆడవేషం, ఉత్తుత్తి కిరీటం, నిజమైన విరాళాలు

2023 మార్చిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. పిల్లల కంటపడే చోట ‘అడల్ట్ కేబరే’ ప్రదర్శనలు ఇవ్వకూడదన్నది దాని సారాంశం. ఆ ప్రదర్శనల నిర్వచనంలో ఆడవేషం కట్టే మగవాళ్లను, మగవేషం కట్టే ఆడవాళ్లను కూడా చేర్చారు. జూన్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. 2024 జులైలో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. చట్టం సరైనదా కాదా అన్నది తేల్చలేదు, దావా వేసినవాళ్లకు ఆ అర్హత లేదన్నది మాత్రమే కారణం.

ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచి, ఇలా వేషం కట్టి ఆడే ప్రదర్శనలకు వాడే ‘డ్రాగ్’ అన్న మాట మన టీవీ చర్చల్లోకి, వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వచ్చింది. కొందరు దాన్ని హిజ్రా అన్న మాటకు ఇంగ్లీషు అనుకుంటున్నారు. కొందరు క్లబ్బు డాన్సు అనుకుంటున్నారు. ఇంకొందరు ఇదంతా మొన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ అంటున్నారు. మూడూ పొరపాటే. ఎందుకు పొరపాటో చెప్పాలంటే నిర్వచనాలు ఒక్కటే సరిపోవు. ఒక మనిషి జీవితం పక్కన పెట్టుకుని చూస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది. అందుకు నేను ఎంచుకున్న మనిషి శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హోసే సారియా. 1950ల్లో ఒక బార్‌లో ఆడవేషంలో పాడినవాడు, 1961లో ఎన్నికల్లో నిలబడినవాడు, 1965లో తనను తానే మహారాణిగా ప్రకటించుకున్నవాడు. ఆ ప్రకటనలోంచి పుట్టిన సంస్థలు ఇప్పటికీ ఊరూరా విరాళాలు పోగుచేస్తున్నాయి.

డ్రాగ్, స్త్రీ పాత్ర, ట్రాన్స్‌జెండర్: మూడూ ఒకటి కావు

ప్రేక్షకుల ముందు, కావాలని, కొంచెం అతిశయం కలిపి ఆడతనాన్నో మగతనాన్నో వేషంగా కట్టడమే డ్రాగ్. సాధారణంగా ఆడవేషం కట్టినవాళ్లను డ్రాగ్ క్వీన్ అని, మగవేషం కట్టినవాళ్లను డ్రాగ్ కింగ్ అని అంటారు. పాడతారు, లేదా రికార్డు పాటకు పెదాలు కదుపుతారు, జోకులు వేస్తారు, ప్రేక్షకులతో మాట కలుపుతారు.

వేషం కట్టడం మనకు కొత్త కాదు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే జనం ఊళ్లు దాటి వచ్చి చూసేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ కట్టిన భామ వేషానికి దేశమంతా పేరొచ్చింది, 1970లో ఆయనకూ పద్మశ్రీ దక్కింది. పగటివేషగాళ్ల అర్ధనారీశ్వర వేషంలో ఒకే మనిషి ముఖం ఒక పక్క శివుడు, ఇంకో పక్క పార్వతి.

మరి వీళ్లంతా డ్రాగ్ కళాకారులేనా? కాదు. తేడా ఏమిటంటే, స్థానం వారు సత్యభామ కనబడాలని నటించారు. ఆ వేషం వెనక మగవాడున్నాడన్న సంగతి ప్రేక్షకుడు మరిచిపోతేనే ఆయన గెలిచినట్టు. డ్రాగ్‌లో ప్రేక్షకుడు మరిచిపోకూడదు. వేషమని ఇద్దరికీ తెలుసు, ఆ తెలిసి ఉండటంలోనే నవ్వు పుడుతుంది. ఒకటి పాత్ర, ఇంకొకటి వేషం మీదే ఆడే ఆట.

ఇక ట్రాన్స్‌జెండర్ అన్నది ప్రదర్శనకు సంబంధించిన మాటే కాదు. అది మనిషి తనను తాను ఎవరుగా ఎరుగునో చెప్పే మాట. దీన్ని మూడు ఉదాహరణలతో చూద్దాం. పగలు బ్యాంకులో పనిచేసి శనివారం రాత్రి గౌను వేసుకుని పాడే మగవాడు ఇంటికెళ్లి రంగు కడిగేస్తే మళ్లీ ఆ బ్యాంకు ఉద్యోగే. భామ వేషం కట్టిన కూచిపూడి కళాకారుడు జడ విప్పేస్తే మళ్లీ ఆ ఇంటి పెద్దాయనే. ట్రాన్స్ మహిళకు మాత్రం విప్పడానికి వేషమే లేదు. ఆమె పొద్దున కూరగాయల బజారుకు వెళ్లినా, రాత్రి నిద్రపోయినా ఆమే. వేషం తీసేశాక ఎవరు మిగులుతారు అని అడిగితే చాలా గందరగోళం అక్కడికక్కడే తీరిపోతుంది. పూర్తిగా తీరదని కూడా చెప్పాలి. డ్రాగ్ ప్రదర్శన ఇచ్చే ట్రాన్స్ మహిళలు ఉన్నారు, ఆడవేషమే అతిశయంగా కట్టే ఆడవాళ్లూ ఉన్నారు. గీతలు ఉన్నాయి గానీ గోడలు లేవు.

సారియా తనను మగవాడిగానే, గే మగవాడిగానే చెప్పుకున్నాడు. గే అంటే తోటి మగవాళ్లను ప్రేమించే మగవాడు. అందుకే ఇక్కడ ‘ఆమె’ అని కాకుండా ‘ఆయన’ అని రాస్తున్నాను. ఆయన కిరీటం పెట్టుకున్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు మహారాణీ అనే పిలిచేవారు. ఆ పిలుపు కూడా ఆ ఆటలో భాగమే.

టీచరు కావాలనుకున్న కుర్రవాడు

హోసే సారియా 1922 డిసెంబరు 12న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లి కొలంబియా నుంచి వలస వచ్చిన మనిషి, తండ్రి నికరాగ్వావాడు. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డ. తల్లి పనికి వెళ్లాల్సి రావడంతో మరో కుటుంబం దగ్గర పెరిగాడు. వాళ్లు ఆయన్ను సొంత బిడ్డలా చూసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరాడు. మనిషి బాగా పొట్టి. అయినా పట్టుబట్టి చేరి, 1945లో స్టాఫ్ సార్జెంట్ హోదాతో బయటికొచ్చాడు. తర్వాత టీచరు కావాలని చదువు మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో గే మగవాళ్లు కలుసుకునే చోట్ల మీద పోలీసులు మఫ్టీలో నిఘా వేసేవారు. ఒక హోటల్ మరుగుదొడ్డి దగ్గర జరిగిన అలాంటి దాడిలో సారియా కూడా అరెస్టయ్యాడు. ‘అనైతిక ప్రవర్తన’ కేసు మెడకు చుట్టుకున్నవాడికి టీచరు సర్టిఫికెట్ రాదు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. కాలిఫోర్నియాలో మగవాళ్ల మధ్య సంబంధం 1976 దాకా నేరమే. అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, పనిచేసే చోటుతో సహా పేపర్లలో అచ్చయ్యేవి. కోర్టు వేసే జరిమానా చిన్నదే కావచ్చు. అసలు శిక్ష మర్నాడు పొద్దున పేపరుతో వచ్చేది. ఉద్యోగం పోవడం, ఇల్లు ఖాళీ చేయమనడం, కన్నవాళ్లు ముఖం చాటేయడం అన్నీ దాని వెంటే. ఇది తెలియకపోతే ఆ తర్వాత సారియా చేసినవన్నీ సరదా పనుల్లాగే కనిపిస్తాయి.

మాంట్‌గోమరీ వీధిలో 710వ నంబరులో బ్లాక్ క్యాట్ అని ఒక బార్ ఉండేది. కవులు, చిత్రకారులు, ఓడ కూలీలు, గే మగవాళ్లు అందరూ చేరే చోటు. సారియాకు ఇష్టమైన వ్యక్తి అక్కడ వెయిటర్‌గా పనిచేసేవాడు. అతను రాలేని రోజుల్లో బదులుగా వెళ్లి గ్లాసులు అందించడంతో సారియా ఆ బార్‌లోకి అడుగుపెట్టాడు. గ్లాసులు అందిస్తూ పియానోకు గొంతు కలిపాడు. జనానికి నచ్చింది. కొన్నాళ్లకు ఆదివారం ఆయన పాటే ఆ బార్‌కు పెద్ద ఆకర్షణ అయింది.

ఆయన చేసింది ఒపేరాలకు, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకాలకు, పేరడీ. ‘కార్మెన్’ ఒపేరాను తీసుకుని, అందులోని నాయిక కార్మెన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున యూనియన్ స్క్వేర్ పార్కులో నిలబెట్టి, పోలీసులకు దొరక్కుండా పొదల్లో దాక్కునేలా చేసేవాడు. చూస్తున్న ప్రతివాడికీ ఆ పొదలు తెలుసు, ఆ పోలీసులూ తెలుసు. పాటల మధ్యలో ఆ రోజు పేపరు చదివి వినిపించేవాడు, మఫ్టీ పోలీసులు ఎక్కడెక్కడ వల వేస్తున్నారో హెచ్చరించేవాడు. ఆట ముగిశాక అందరూ భుజాల మీద చేతులు వేసుకుని, బ్రిటన్ జాతీయ గీతం బాణీలో సొంత మాటలు కట్టుకున్న పాట పాడేవారు. ఒక్కోసారి వీధిలోకి వచ్చి, ఎదుటి జైల్లో ఉన్న తమవాళ్లకు వినబడేలా పాడేవారు.

‘నేను మగపిల్లాణ్ణి’: ఒక చిన్న చీటీ చట్టాన్ని ఎలా ఆపింది

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1863 నుంచి ఒక నగర నిబంధన ఉంది: తన లింగానికి చెందని దుస్తుల్లో బహిరంగంగా కనిపించడం నేరం. అది 1974 దాకా పుస్తకంలో ఉంది. 1950ల నాటికి పోలీసులు వాడే వాదన ‘మోసగించే ఉద్దేశంతో’ ఆడవేషం వేశారు అన్నది. హాలోవీన్ పండగ రాత్రి మాత్రం చూసీ చూడనట్టు వదిలేసేవారు, ఎందుకంటే ఆ రాత్రి ఊరంతా వేషాలే. గడియారం అర్ధరాత్రి దాటిందంటే పండగ అయిపోయినట్టే. బార్ల బయట వ్యాన్లు కాచుకుని ఉండేవి.

ఇలా అనుకుందాం. రాత్రి 11.50కి ఒక మనిషి గౌనులో బార్‌లోకి వెళ్లాడు. 12.10కి అదే గౌనులో బయటికొచ్చాడు. బట్టలు మారలేదు, మనిషీ మారలేదు. ఇరవై నిమిషాల్లో వేడుక నేరమైపోయింది. అయితే నేరం రుజువు కావాలంటే రెండు కావాలి: ఆడబట్టలు ఒకటి, మోసగించే ఉద్దేశం రెండోది. మొదటిది ఎలాగూ కళ్లెదుటే ఉంది. రెండోదాన్ని లేకుండా చేస్తే కేసు నిలవదు కదా అని సారియా ఆలోచించాడు. నల్లపిల్లి తల ఆకారంలో చీటీలు కత్తిరించి, వాటి మీద ‘నేను మగపిల్లాణ్ణి’ అని రాసి అందరికీ పంచాడు. పోలీసు ఆపితే చీటీ చూపించాలి. నేను ఫలానా అని రాసి పెట్టుకున్నవాడు ఎవర్ని మోసం చేస్తున్నట్టు? హాలోవీన్ అరెస్టులు ఆగిపోవడానికి ఆ చీటీ కూడా ఒక కారణమైంది.

మన దగ్గరా ఇలాంటి చట్టం ఉండేదని, మొన్నమొన్నటి దాకా ఉండేదని చాలామందికి తెలియదు. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం చేశారు. హిజ్రాలు వీధిలో ఆడదుస్తుల్లో, నగలతో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాసి ఉంచాలి. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం మిగిలింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. రెండు చట్టాలకూ తేడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోది బట్టల మీద పెట్టిన నిబంధన, ఎవరు వేసుకున్నా వర్తిస్తుంది. హైదరాబాద్‌ది ఒక జనసమూహం మీదే పెట్టిన చట్టం. అందుకే సారియా చీటీ లాంటి ఉపాయానికి ఇక్కడ చోటే లేదు. అక్కడ నేను వేషంలో ఉన్నాను అని చెప్పి బయటపడవచ్చు. ఇక్కడ వాళ్లది వేషమే కాదు.

నేరం ఒప్పుకోవద్దు అన్న పాఠం, ఒక ఎన్నిక

అరెస్టయినవాళ్లలో ఎక్కువమంది గొడవెందుకని నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి వెళ్లిపోయేవారు. విచారణ అంటే ఇంకా పదిమందికి తెలుస్తుందన్న భయం. సారియా వేదిక మీది నుంచే దీనికి ఎదురు చెప్పాడు: ఒప్పుకోవద్దు, జ్యూరీ విచారణ కావాలని అడగండి. ఒప్పుకున్న కేసు నిమిషాల్లో ముగుస్తుంది. జ్యూరీ విచారణకు జడ్జి, లాయరు, పన్నెండు మంది జ్యూరీ సభ్యులు, రోజుల కొద్దీ సమయం కావాలి. యాభై మందిలో యాభై మందీ విచారణ అడిగితే ఆ కోర్టు ఇంకో పని చేయలేదు. సరిగ్గా అలాగే కోర్టులు కిక్కిరిశాయి. ఆధారాలు గట్టిగా ఉంటే తప్ప కేసులు తేవద్దని జడ్జీలు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది.

1961లో నగర పాలక మండలికి పోటీ చేశాడు. అక్కడ దాన్ని బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అంటారు, మన మున్సిపల్ కౌన్సిల్ కన్నా అధికారాలు ఎక్కువ. అయిదు సీట్లున్నాయి. నామినేషన్ల చివరి రోజున చూస్తే సీట్లకన్నా అభ్యర్థులు తక్కువ. ఇలాగే వదిలేస్తే సారియా గెలిచినట్టేనని అధికారులకు అర్థమైంది. సాయంత్రానికల్లా అభ్యర్థుల సంఖ్య 30 దాటింది. సారియాకు దాదాపు 6,000 ఓట్లు వచ్చాయి, తొమ్మిదో స్థానం దక్కింది.

ఓడిపోయాడు కదా అనిపిస్తుంది. ఆ ఓట్ల లెక్క ఆ ఊరి రాజకీయ నాయకులు చూశారు. పేపర్లో పేరు పడితే బతుకు పోయే రోజుల్లో, నేను గేనని చెప్పుకుని ఒక మనిషి బ్యాలెట్ పేపరు మీద తన పేరు వేయించుకున్నాడు. అమెరికాలో అలా పోటీ చేసిన మొదటి వ్యక్తిగా సారియానే చెబుతారు. పదహారేళ్లకు, 1977లో, అదే మండలికి, తానూ గేనని బాహాటంగా చెప్పుకున్న హార్వీ మిల్క్ గెలిచాడు. మిల్క్‌కు సారియా మద్దతిచ్చాడు. ఏడాది తిరిగీ తిరగకుండానే మిల్క్‌ను కాల్చి చంపారు.

బ్లాక్ క్యాట్ అంతకు చాలా ముందే మూతపడింది. గే మగవాళ్లు వస్తారన్న కారణంతోనే ఒక బార్ లైసెన్సు తీసేయకూడదని ఆ బార్ కేసులోనే 1951లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా అధికారులు వేరే కారణాలు వెతుకుతూనే ఉన్నారు. 1963 అక్టోబరులో, హాలోవీన్ ముందు, మద్యం లైసెన్సు పోయింది. ఆ పండగ రాత్రి బార్‌లో మందు లేదు, కూల్‌డ్రింకులే అమ్మారు. 1964 ఫిబ్రవరికి తలుపులు శాశ్వతంగా మూశారు.

మహారాణి ఎక్కడినుంచి వచ్చింది? చక్రవర్తి ఎవరు?

బార్ల యజమానులు కలిసి టావెర్న్ గిల్డ్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. అరెస్టయినవాళ్లకు బెయిలు, లాయరు ఏర్పాటు చేయడం దాని పనుల్లో ఒకటి. 1965లో వాళ్లు జరిపిన వేషధారణ ఉత్సవంలో సారియాను ‘క్వీన్’గా ఎన్నుకున్నారు. ఇక్కడ ఒక మాట తెలియాలి. ఆడతనం కనిపించే గే మగవాళ్లను వెక్కిరించడానికి వాడే మాట కూడా క్వీనే. ఆ బిరుదు నాకు ఎప్పటినుంచో ఉంది కదా అని సారియా అంతకన్నా పైమెట్టు ఎక్కాడు. తాను శాన్‌ఫ్రాన్సిస్కో మహారాణి (ఎంప్రెస్) మొదటి హోసేనని, నార్టన్ చక్రవర్తి విధవనని ప్రకటించుకున్నాడు.

నార్టన్ ఎవరో తెలిస్తే గానీ ఇందులో ఎంత ఆలోచన ఉందో తెలియదు. జాషువా నార్టన్ 19వ శతాబ్దపు శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి. చైనా నుంచి బియ్యం రాక ఆగిపోయి ధర ఆకాశానికెక్కినప్పుడు, ఇంకా పెరుగుతుందన్న ఆశతో ఓడెడు బియ్యం బేరమాడాడు. అంతలో పెరూ నుంచి వరసగా ఓడలు దిగాయి, ధర పడిపోయింది. కోర్టుల చుట్టూ తిరిగి దివాలా తీశాడు. 1859 సెప్టెంబరు 17న తాను అమెరికా చక్రవర్తినని పేపరులో ప్రకటన వేయించాడు. ఊరు ఆయన్ను తరిమేయలేదు. సొంతంగా అచ్చువేసుకున్న నోట్లను కొన్ని దుకాణాలు తీసుకునేవి కూడా. 1880 జనవరిలో చనిపోయాడు. పెళ్లే చేసుకోలేదు. ఎనభై ఐదేళ్ల తర్వాత ఆయనకు ఒక విధవ దొరికింది.

నాకు ఈ ఎంపిక చాలా లోతుగా అనిపిస్తుంది. అన్నీ పోగొట్టుకున్న మనిషికి కూడా ఆ ఊరు ఒకప్పుడు గౌరవమిచ్చింది. సారియా ఆ గౌరవానికి వారసత్వం అడిగాడు.

కిరీటం డబ్బును ఎలా పుట్టిస్తుంది: ఒక లెక్క

మహారాణి ఒక్కతే ఉంటే అది ఒక రాత్రి సరదా. సారియా దాన్ని పద్ధతిగా మార్చాడు. మహారాణికి సభ ఉండాలి, సభకు బిరుదులుండాలి, పదవికి గడువుండాలి. అలా పుట్టిందే ఇంపీరియల్ కోర్టు వ్యవస్థ. ఇక్కడ కోర్టు అంటే న్యాయస్థానం కాదు, రాజసభ. 1971లో కెనడాలోని వాంకూవర్‌కు పాకింది. ఇప్పుడు అమెరికా, కెనడా, మెక్సికోల్లో దాదాపు 70 కోర్టులున్నాయి.

ప్రతి ఊరి కోర్టూ ఏటా ఒక చక్రవర్తిని, ఒక మహారాణిని ఎన్నుకుంటుంది. పట్టాభిషేకం జరుగుతుంది. వాళ్ల ‘పరిపాలన’ ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలో వాళ్ల పని ఊరి సంస్థలకు డబ్బు పోగుచేయడం.

పద్ధతి మన ఊరి నాటకాల్లో చదివింపుల లాంటిదే. నాటకం నచ్చినవాళ్లు డబ్బిస్తే ఫలానావారు ఇంత చదివించారని మైకులో చెబుతారు కదా. డ్రాగ్ ప్రదర్శనలో పాట నడుస్తుండగానే ప్రేక్షకులు లేచి వేదిక దగ్గరికి వెళ్లి చేతికి నోట్లిస్తారు. మామూలు క్లబ్బులో ఆ డబ్బు కళాకారులది. కోర్టు విరాళాల ప్రదర్శనలో అది నేరుగా డబ్బాలోకి వెళ్తుంది.

ఊహా లెక్క ఒకటి వేద్దాం. ఇవి అసలు అంకెలు కావు, పద్ధతి తెలియడానికే. హాల్లో 200 మంది, టికెట్టు 20 డాలర్లు: 4,000. పాడినవాళ్లు 12 మంది, ఒక్కొక్కరికి వచ్చిన చదివింపులు 150: 1,800. వేలంపాట, లక్కీ డ్రా కలిపి 1,200. మొత్తం 7,000 డాలర్లు. హాలు అద్దె, మైకు సెట్టు ఖర్చు 2,000 తీసేస్తే 5,000 మిగిలింది. ముందే ప్రకటించిన రెండు సంస్థలకు చెరో 2,500. గౌన్లు, కిరీటాలు, విగ్గులు ఎవరివి వాళ్లే కొనుక్కుంటారు గనక ఈ లెక్కలోకి రావు. ఏడాదిలో ఇలాంటివి ఎన్ని జరిపితే అంత.

ఇందులో బిరుదు చేసే పని చూడండి. విరాళం అడగటం ఎవరికైనా మొహమాటమే. డబ్బా పట్టుకుని నిలబడితే జనం తప్పించుకుంటారు. మహారాణి హోదాలో అడిగితే అది ఆటలో భాగమైపోతుంది, ఇచ్చేవాడికీ సరదా, అడిగేవాడికీ మొహమాటం లేదు. పైగా ఏడాదికే గడువు గనక వచ్చే మహారాణి ఇంతకన్నా ఎక్కువ పోగుచేయాలని చూస్తుంది.

1981 తర్వాత ఎయిడ్స్ వచ్చింది. జబ్బుపడినవాళ్లకు తిండి, అద్దె, మందులు, ఆఖరికి అంత్యక్రియలు కూడా సమస్యలయ్యాయి. చాలామందిని కన్నవాళ్లే వదిలేశారు. కొత్తగా సంస్థలు పెట్టి, నమ్మకం సంపాదించి, డబ్బు తేవడానికి ఏళ్లు పడుతుంది. కోర్టుల దగ్గర అప్పటికే మనుషులు, వేదికలు, ఇచ్చే అలవాటున్న ప్రేక్షకులు ఉన్నారు. ఒకప్పుడు నవ్వుకోవడానికి పెట్టుకున్న కిరీటాలే ఆ రోజుల్లో రోగుల అద్దెలు కట్టాయి. నా దృష్టిలో సారియా జీవితంలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. ఆయన వేరుగా కళాకారుడు, వేరుగా దాత కాదు. ఆడవేషమే ఆయన విరాళాల యంత్రం.

ఈ పద్ధతి మీద ప్రశ్నలూ ఉన్నాయి. ఒక గౌను మీద పెట్టే డబ్బు నేరుగా విరాళమిస్తే పోదా అన్నది ఒకటి. ఇది ధార్మిక సంస్థ కన్నా పార్టీల క్లబ్బే కదా అన్నది ఇంకొకటి. కోర్టులవాళ్లు చెప్పేది వేరు: గౌను మా సొంత డబ్బు, ఆ గౌను లేకపోతే ఆ 200 మంది హాలుకు రారు. చాలా కోర్టులు లాభాపేక్ష లేని సంస్థలుగా నమోదయ్యాయి గనక లెక్కలు చూపాల్సిన బాధ్యత వాటి మీద ఉంది. జవాబు ఊరూరికీ మారుతుంది, ఆ ఊరి లెక్కల పుస్తకం చూడాలి.

‘మొదటివాడు’ అనవచ్చా? ఇంకా కొన్ని వాదాలు

డ్రాగ్‌కు సారియా మొదటివాడు కాదు. 1880ల్లోనే వాషింగ్టన్‌లో విలియం డోర్సీ స్వాన్ అనే నల్లజాతి మనిషి, బానిసగా పుట్టి విముక్తి పొందినవాడు, ఆడవేషంలో విందులు జరిపి, తనను తాను క్వీన్ అని పిలుచుకున్నాడు. 1888లో పోలీసులు దాడి చేసి పట్టుకున్నారు. 1910ల్లో జూలియన్ ఎల్టింజ్ ఆడవేషంతో అమెరికా అంతా పేరు తెచ్చుకున్నాడు, న్యూయార్క్‌లో ఆయన పేరుతో ఒక థియేటరే కట్టారు. సారియాకు దక్కే ‘మొదటి’ వేరే రెండు: గేనని చెప్పుకుని ఎన్నికల్లో నిలబడటం, ఆడవేషాన్ని విరాళాల వ్యవస్థగా మలచడం.

సొంత మనుషుల నుంచే వచ్చిన విమర్శ ఒకటుంది. అది పైపై మాట కాదు. సారియా మహారాణి అయిన ఆ 1965లోనే, జులై 4న, ఫిలడెల్ఫియాలో గే హక్కుల కోసం ఒక నిరసన ప్రదర్శన జరిగింది. మగవాళ్లు సూటు, టై వేసుకోవాలని, ఆడవాళ్లు గౌన్లలోనే రావాలని నిర్వాహకులు నియమం పెట్టారు. మేం మీలాంటి మామూలు మనుషులమే, ఉద్యోగాలు తీసేయకండి అన్నది వాళ్ల మాట. అలాంటివాళ్లకు డ్రాగ్ అంటే తమ కష్టమంతా పాడుచేసేది. సారియా దారిలో ఉన్నవాళ్లు దానికి ఇలా బదులిస్తారు: మామూలుగా కనబడేవాళ్లకే హక్కులిస్తే, కనబడలేనివాళ్ల సంగతేమిటి? పోలీసు వ్యానులోకి మొదట ఎక్కేది గౌనులో ఉన్నవాడే కదా. ఆ చరిత్ర చూస్తే రెండు దారులూ పని చేశాయనిపిస్తుంది. సూటు వేసుకున్నవాళ్లు వాషింగ్టన్‌లో తలుపులు తెరిపించారు. గౌను వేసుకున్నవాళ్లు బార్‌లో భయం పోగొట్టారు.

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చే ప్రశ్న నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మగవాళ్లు ఆడతనాన్ని అతిగా చూపించి నవ్విస్తుంటే, నవ్వులపాలయ్యేది ఆడవాళ్లే కదా అని కొందరు స్త్రీవాదులు అంటారు. డ్రాగ్ ఎగతాళి చేసేది ఆడవాళ్లను కాదని, ఆడది ఇలాగే ఉండాలన్న నియమాన్ని అని ఇంకొందరి వాదన. మన రంగస్థలం ఈ ప్రశ్నను ఇంకోలా గుర్తుచేస్తుంది. మగవాళ్లు స్త్రీ పాత్రలు కట్టి సన్మానాలు అందుకున్న కాలంలోనే, వేదికెక్కిన ఆడవాళ్లను లోకం చిన్నచూపు చూసింది. కళ గొప్పదే. ఆ కళకు చోటిచ్చిన పరిస్థితి మాత్రం అన్యాయమైనది. రెండూ ఒకేసారి నిజమే. డ్రాగ్ విషయంలోనూ ప్రతి ప్రదర్శననూ దాని దగ్గరికెళ్లి చూస్తే తప్ప మొత్తానికి ఒక తీర్పు చెప్పలేం.

ఇక పిల్లల మాట. టెనెసీ చట్టాన్ని సమర్థించేవాళ్లు అశ్లీలం పిల్లల కంటపడకూడదంటారు. ఆ కోరికను ఎవరూ కాదనరు. వ్యతిరేకించేవాళ్లు అడిగేది, అశ్లీలానికి వేరే చట్టాలున్నప్పుడు వేషం పేరెందుకు ఎత్తాలి అని. రాత్రి క్లబ్బులో జరిగేదీ డ్రాగే, పట్టపగలు విరాళాల కోసం పూర్తిగా కప్పుకున్న గౌనులో పాడేదీ డ్రాగే. చట్టం ఏ మాట వాడింది, దాన్ని పోలీసు ఎలా చదువుతాడు అన్నదే ఇక్కడ కీలకం. 1863 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో నిబంధన వందేళ్లకు పైగా ఎవరి మీద ఎలా ప్రయోగించారో చూసినవాళ్లకు వ్యతిరేకించేవాళ్ల టెన్షన్ ఎందుకో అర్థమవుతుంది.

చివరి ఊరేగింపు

సారియా 2007లో తన పదవిని శాన్‌డియాగోకు చెందిన నికోల్ మర్రే రామిరెజ్‌కు అప్పగించాడు. హార్వీ మిల్క్ బొమ్మతో అమెరికా తపాలా బిళ్ల రావాలని కోర్టులు ఏళ్ల తరబడి అడిగాయి, 2014లో అది వచ్చింది. అప్పటికి సారియా లేడు. 2013 ఆగస్టు 19న న్యూమెక్సికోలో, 90వ ఏట కన్నుమూశాడు. సెప్టెంబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కో గ్రేస్ కేథడ్రల్‌లో అంత్యక్రియల ప్రార్థన జరిగింది. ఎక్కడెక్కడి కోర్టులవాళ్లో సంతాపపు నల్లదుస్తుల్లో, కిరీటాలు పెట్టుకుని వచ్చారు. ఒకప్పుడు ఆ బట్టల్లో వీధిలో నడిస్తే పట్టుకెళ్లిన ఊరే అది.

ఆ ఊళ్లో 16వ వీధిలో ఒక ముక్కకు 2006లోనే ఆయన పేరు పెట్టారు. హార్వీ మిల్క్ పేరుతో ఉన్న గ్రంథాలయానికి చిరునామా ఇప్పుడు 1, హోసే సారియా కోర్ట్.

సారియా సమాధి కోల్మా పట్టణంలోని ఉడ్‌లాన్ శ్మశానంలో ఉంది. అక్కడే నార్టన్ చక్రవర్తి సమాధికి ఏటా ఊరేగింపుగా పూలు తీసుకెళ్లే ఆనవాయితీని మొదలుపెట్టినవాడు సారియానే. ఆ సమాధి దగ్గర్లోనే తనకూ చోటు ముందే కొనిపెట్టుకున్నాడు. కిరీటాలతో, పూలతో ఆ ఊరేగింపు ఇప్పటికీ వెళ్తుంది. ఇప్పుడు రెండు సమాధుల దగ్గర ఆగుతుంది.